పున్నమికి సలేశ్వరం, తెల్లారితే సోంక్రాన్

మా తమ్ముడు బ్యాంకాక్‌లో పని చేస్తాడు. అక్కడ ఏప్రిల్ 13, 14, 15 తేదీల్లో సోంక్రాన్ సెలవులు, అది వాళ్ల పాత లెక్క కొత్తసంవత్సరం. వాటికి ముందు ఇంకో మూడు రోజులు కలుపుకుని 2025లో ఇంటికొచ్చాడు, సరిగ్గా అప్పుడే చైత్ర పౌర్ణమి పడింది. అమ్మ ఐదేళ్లుగా ఎదురుచూస్తున్నది దీని కోసమే. 2020లో విమానాలు ఆగిపోయి వాడు అక్కడే చిక్కుకుపోయినప్పుడు "చిన్నోడు మంచిగ ఇల్లు చేరితే వాణ్ని తోలుకొని సలేశ్వరం వస్త లింగమయ్యా" అని మొక్కుకుంది. ఆ తర్వాత వాడు రెండుసార్లు వచ్చాడు కానీ ఒకసారి దసరాకు, ఇంకోసారి సంక్రాంతికి. సలేశ్వరం అంటే నల్లమల అడవి లోయలో, గుహలో ఉండే లింగమయ్య చోటు, ఆ దారి జనానికి తెరిచేది చైత్ర పౌర్ణమి చుట్టూ ఓ మూడు రోజులు మాత్రమే. అమ్మ చిన్నప్పుడు ఐదారు రోజులు సాగేదట.

నేను కల్వకుర్తిలో సోషల్ టీచర్ని. 12 రెండో శనివారం, 13 ఆదివారం, 14 అంబేడ్కర్ జయంతి. సెలవు పెట్టాల్సిన అవసరం కూడా రాలేదు.

మొదటి రోజు, ఏప్రిల్ 11, శుక్రవారం

ఒంటిపూట బడి అవ్వగానే ఇంటికొచ్చి నాలుగు ముద్దలు తిని బయల్దేరాం. బస్టాండులో ఇనుప బెంచీ మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. బయట ఎవరో చలివేంద్రం పెట్టారు, తడిపిన గుడ్డ చుట్టిన కుండలు, పక్కన ఒక గంగాళంలో రాగి అంబలి. తమ్ముడు రెండు గ్లాసులు తాగి, ఒకసారి మే నెలలో ఆఫీసు పని మీద కొలంబో వెళ్లినప్పటి సంగతి చెప్పాడు. అది వైశాఖ పౌర్ణమి, బుద్ధుడు పుట్టిందీ, జ్ఞానం పొందిందీ, నిర్యాణం చెందిందీ ఆ రోజే అని వాళ్లు వేసక్ చేసుకుంటారు. ఇళ్ల ముందు కాగితపు లాంతర్లు కడతారు, వీధుల్లో దన్సల్ అని పందిళ్లు వేసి పోయే బండిని ఆపి మరీ అన్నం పెడతారట, షర్బత్ పోస్తారట. కులం అడగరు, మతం అడగరు, ఊరు అడగరు. "మన చలివేంద్రమే అన్నా, ఇంకొంచెం పెద్దది" అన్నాడు. "దప్పిక తీర్చేటోడు కడుపు చూడకుంటడారా" అంది అమ్మ.

అచ్చంపేటలో పిన్ని ఇల్లుంది. సామాను అక్కడ పడేసి, సాయంత్రం ఆటో మాట్లాడుకుని ఉమామహేశ్వరం వెళ్లాం. శ్రీశైలానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలంటారు కదా, తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఈ ఉమామహేశ్వరం. గుడి మీదికి కొండ గొడుగులా వంగి ఉంటుంది, అందుకే ఎండ గుడిని తాకదు. కింద రోడ్డు మీద నిప్పులు కురుస్తుంటే పైన ఒళ్లు చల్లబడింది. రాతి సందుల్లోంచి నీళ్లు చుక్క చుక్కగా కారుతూనే ఉంటాయి, అమ్మ దోసిలి పట్టి అది నిండేదాకా కదల్లేదు. చాలా సేపు పట్టింది. వెనకాల ఉన్నవాళ్లు ఒక్కరు కూడా తొందరపెట్టలేదు.

రెండో రోజు, ఏప్రిల్ 12, శనివారం, పున్నమి

శ్రీశైలం రోడ్డులో మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు మామూలు బండ్లను అడవిలోకి పోనివ్వరు. అందుకని ఐదున్నరకే అక్కడికి చేరి లైన్లో నిలబడ్డాం. బస్సులు, జీపులు, ట్రాలీ ఆటోలు, ఎటు చూసినా జనమే. ప్లాస్టిక్ ఉంటే తీయించేస్తున్నారు. మాకు టెన్షన్ లేదు, అమ్మ పిన్ని ఇంట్లోంచి ఇత్తడి చెంబు, మూత ఉన్న స్టీలు సీసా తెచ్చుకుంది. ముందున్న బండిలో పిల్లల నీళ్ల సీసాలు తీసుకున్నారని ఒకాయన గొడవ పడ్డాడు. ఆయన బాధ నాకు అర్థమైంది కానీ తీసుకున్నవాళ్లదే న్యాయం. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్లకు పైన ఉంటుంది, ఈ మూడు రోజుల్లో లక్షల కాళ్లు దాని మీద నడుస్తాయి. మనం వదిలేసిన కవరు తిని చచ్చే జింకకు మన మొక్కు సంగతి తెలియదు.

ఫరహాబాద్ గేటు దగ్గర ప్రధాన రోడ్డు వదిలి మట్టిదారి పట్టాం. నిజాం నవాబులు వేటకొచ్చిన చోటు ఇది. ఆ పేరు పెట్టకముందు దీన్ని పుల్లచెలిమల అనేవాళ్లని డ్రైవర్ చెప్పాడు, పులులు నీళ్లు తాగే చెలిమలని ఆయన చెప్పిన అర్థం. ఆ అర్థం ఖాయమో కాదో గానీ చెలిమ అన్న మాట వినగానే అడవి ఇంకోలా కనిపించింది. టేకు చెట్లు ఆకులు రాల్చి బోడిగా నిలబడి ఉన్నాయి, నేలంతా ఎండుటాకులు, ఒక్క అగ్గిపుల్ల చాలు అనిపించేట్టు. ఇలాంటి అడవిలో ఎక్కడో ఒకచోట నీళ్లు ఉన్నాయన్న నమ్మకంతో ఇంతమంది నడుస్తున్నారు.

రాంపూర్ పెంట అనే చెంచుల గూడెం దగ్గర బండ్లు ఆగిపోతాయి. అక్కడి నుంచి ఐదారు కిలోమీటర్ల నడక. దిగే ముందు అమ్మ చెప్పులు విప్పబోతుంటే తమ్ముడు ఒప్పుకోలేదు, రాళ్లు కాలతాయమ్మా అని బతిమాలాడు. చివరికి గుండం దాకా వేసుకోవడానికి ఒప్పుకుంది. పెంట దగ్గర ఒక చెంచు ముసలమ్మ మోదుగాకు దొప్పల్లో తునికి పండ్లు అమ్ముతోంది. ఆమె మనవడు కాబోలు, పదేళ్ల పిల్లాడు, అమ్మ నడక చూసి వెదురు కర్ర ఒకటి తెచ్చి చేతికిచ్చాడు. డబ్బులిస్తే తీసుకోలేదు, "వచ్చేటప్పుడు ఇచ్చిపో అవ్వా" అన్నాడు.

పోయేవాళ్లు "వస్తున్నం లింగమయ్యా" అంటారు, తిరిగొచ్చేవాళ్లు "పోయొస్తం లింగమయ్యా" అంటారు. ఇంతకు మించి మంత్రం లేదు. ఇరుకు దారిలో ఒకరికొకరు ఎదురుపడ్డప్పుడల్లా ఈ రెండు కేకలు కలుస్తాయి, లోయ గోడలకు తగిలి మళ్లీ వెనక్కొస్తాయి. మొదట్లో సిగ్గుపడ్డ తమ్ముడు అరగంటలో అందరికంటే గట్టిగా అరవడం మొదలుపెట్టాడు. ఒక గుట్ట దిగి, ఇంకో గుట్ట పక్క నుంచి నడిచి, ఆఖరున నిలువుగా లోయలోకి దిగాలి. అక్కడ మాత్రం నిజంగా భయమేసింది, ఒక పక్క బండ, ఇంకో పక్క ఖాళీ, మధ్యలో ఒక్క మనిషి పట్టే దారి, దాంట్లోనే పోయేవాళ్లు, వచ్చేవాళ్లు, భుజాల మీద పిల్లలు. నేను అమ్మ ముందు, తమ్ముడు అమ్మ వెనక, ముగ్గురం ఒక్క అడుగులా దిగాం.

ముందు చల్లగాలి తగిలింది. ఆ తర్వాత చప్పుడు. ఆ తర్వాతే నీళ్లు కనిపించాయి, ఎక్కడో పైనున్న బండ అంచు నుంచి తెల్లటి దారాల్లా జారి, గాలికి చెదిరి, కింద గుండంలో పడుతున్నాయి. ఏప్రిల్ నెలలో, నల్లమల నడిమధ్యలో. అమ్మ చీరతోనే గుండంలోకి దిగి మూడు మునకలు వేసింది, నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయంటే తమ్ముడికి పళ్లు టకటకలాడాయి. గుహలో లింగమయ్య. పూజ చేసేది చెంచులే. శ్రీశైలం మల్లన్న కూడా వాళ్లకు అల్లుడే, భ్రమరాంబ వాళ్ల ఆడబిడ్డ అని చెప్పుకుంటారు. పూజారి కొబ్బరికాయ కొట్టి, ఒక చెక్క చేతిలో పెట్టి, "మల్లొచ్చే ఏడు రాండ్రి" అన్నాడు, ఇంటికొచ్చిన చుట్టాన్ని సాగనంపినట్టు. నాకు అప్పుడనిపించింది, మేమంతా వీళ్ల ఇంటికి వచ్చిన చుట్టాలమే. సలేశ్వరాన్ని తెలంగాణ అమర్‌నాథ్ అంటుంటారు. గౌరవంతోనే అంటారు, కానీ ఆ మాట నాకు నచ్చదు. అక్కడ మంచు, ఇక్కడ నీళ్లు. ఈ లోయకు చెంచులు పిలుచుకునే దాని పేరు దానికుంది.

అమ్మ స్టీలు సీసాలో ధార కింది నీళ్లు పట్టుకుంది. ఎక్కేటప్పుడు రెండుసార్లు కూర్చుంది, ఎవరో మజ్జిగ ఇచ్చారు, ఎవరో జొన్నరొట్టె మీద ఎల్లిపాయ కారం పెట్టి ఇచ్చారు. వాళ్లది ఏ ఊరో కూడా అడగలేదు. పెంట దగ్గర కర్ర తిరిగిచ్చేస్తే ఆ పిల్లాడు వెంటనే ఇంకో ముసలాయనకిచ్చాడు.

రాత్రి పిన్ని వాళ్ల డాబా మీద పడుకున్నాం. నిండు పున్నమి, మామిడాకుల నీడలు కూడా గోడ మీద స్పష్టంగా కనిపిస్తున్నాయి. కాళ్లు లాగుతున్నాయి, నిద్ర రాలేదు. పడుకుని తమ్ముడికి నేను బడిలో పిల్లలకు చెప్పే పాఠమే మళ్లీ చెప్పాను. ఈ పున్నమి మన ఒక్కళ్లది కాదు. ఇదే రాత్రి యూదులు పస్కా పండుగ మొదలుపెడతారు, వాళ్ల నీసాను నెల కూడా చంద్రుణ్ని బట్టే నడుస్తుంది, పస్కా ఆ నెల నడుమ వచ్చే పున్నమికి. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పున్నమి దాటిన మొదటి ఆదివారం ఈస్టర్. కాబట్టి అమ్మ సలేశ్వరం పోవడానికి లెక్కపెట్టుకున్న చంద్రుణ్నే క్రైస్తవులు ఈస్టరుకు లెక్కపెట్టుకున్నారు. చర్చి లెక్కలో ఆ పున్నమి 13 ఆదివారం నాడు పడింది, అందుకే ఆ ఏడాది ఈస్టర్ తర్వాతి ఆదివారం, ఏప్రిల్ 20. రోమ్ వాళ్లకూ, రష్యా గ్రీసు సంప్రదాయాల వాళ్లకూ చాలాసార్లు వేరువేరు రోజుల్లో వచ్చే ఆ పండుగ 2025లో ఒకే రోజు పడింది.

"మరి ఎండాకాలం పండుగలన్నీ నీళ్ల పండుగలేనా?" అన్నాడు వాడు. కాదు. ఎండ మనకు భారం, స్వీడన్ వాళ్లకు అది వరం. అక్కడ జూన్ 19కీ 25కీ మధ్య వచ్చే శుక్రవారం నాడు ఆకులతో పూలతో చుట్టిన పెద్ద స్తంభం నిలబెట్టి దాని చుట్టూ ఆడతారు, ఆడపిల్లలు ఏడు రకాల పూలు కోసి దిండు కింద పెట్టుకుంటారు, కలలో కాబోయేవాడు కనిపిస్తాడని. స్పెయిన్‌లో జూన్ 23 రాత్రి సెయింట్ జాన్ పేరుతో మంటలు వేసి దూకుతారు. పెరూలో కుస్కో ఊళ్లో జూన్ 24న ఇంతి రైమి, అది వాళ్లకు చలికాలం, దూరం పోయిన సూర్యుణ్ని వెనక్కి పిలిచే పండుగ. స్పెయిన్ వాళ్లు దాన్ని ఆపేయిస్తే 1944లో మళ్లీ మొదలుపెట్టుకున్నారు. ఆర్మేనియాలో మాత్రం మనలాగే, ఎండలు ముదిరిన జూలైలో, ఈస్టర్ తర్వాత 98వ రోజున వర్దవార్ అని చేస్తారు, దారిన పోయే ఎవరి మీదైనా బకెట్‌తో నీళ్లు గుమ్మరించొచ్చు. క్రైస్తవం రాకముందు అది అస్తఘిక్ అనే దేవత పండుగ అంటారు. ఏది కరువైతే దాన్నే పండుగ చేసుకున్నారు మనుషులు, నాకు అలాగే అర్థమైంది. అమ్మ నిద్రపోయిందనుకున్నాం. "ఆ పెరూ వాళ్లకు సూర్యుడు తిరిగొచ్చిండా?" అంది దుప్పట్లోంచి. వస్తాడమ్మా, ఏటా వస్తాడు అన్నాను.

మూడో రోజు, ఏప్రిల్ 13, ఆదివారం

పొద్దున్నే పాటలకు మెలకువ వచ్చింది. మట్టల ఆదివారం. పిల్లలు, ఆడవాళ్లు తెల్లబట్టలతో ఈతమట్టలు పట్టుకుని హోసన్నా పాడుతూ వీధి వెంట పోతున్నారు. యేసు యెరూషలేములోకి వచ్చినప్పుడు జనం మట్టలు పరిచారు కదా, దాని గుర్తు. పాలస్తీనాలో ఖర్జూరపు మట్టలు, ఇక్కడ మా పొలం గట్ల మీది ఈతచెట్టు. ఖర్జూరం, ఈత ఒకే జాతి చెట్లు, కాబట్టి మా ఊరివాళ్లు సర్దుకున్నదేమీ లేదు, అసలుకు దగ్గరగానే ఉన్నారు.

మధ్యాహ్నానికి కల్వకుర్తి చేరాం. దారిలో రాయడానికేమీ లేదు, ముగ్గురం నిద్రపోయాం.

ఇంటికొచ్చాక తమ్ముడు ఫోన్లో బ్యాంకాక్ వీధులు చూపించాడు, నీళ్ల తుపాకులు, పైపులు, ముఖాలకు తెల్లటి సుద్ద. బయటివాళ్లకు తెలిసిన సోంక్రాన్ ఇదే. కానీ ఆ మాట మన సంక్రాంతే, సంస్కృతం నుంచి పోయింది. మనం సూర్యుడు మకరంలోకి వచ్చినప్పుడు చేసుకుంటాం, వాళ్లు మేషంలోకి వచ్చినప్పుడు చేసుకుంటారు, అదే వాళ్ల పాత కొత్తసంవత్సరం. కంబోడియా, లావోస్, బర్మా, శ్రీలంక, ఇటు తమిళులు, మలయాళీలు అందరికీ దాదాపు ఆ రోజులే. చాంద్రమానం లెక్కన మన ఉగాది రెండు వారాల ముందే, మార్చి 30న అయిపోయింది. సోంక్రాన్‌ను 2023 డిసెంబరులో యునెస్కో తన జాబితాలో చేర్చింది.

"అసలు పండుగ పొద్దున ఉంటది అన్నా" అన్నాడు. ముందు గుడికి పోయి బుద్ధుడి విగ్రహం మీద పరిమళం కలిపిన నీళ్లు పోస్తారు. గుడి ఆవరణలో ఇసుకతో చిన్న చిన్న స్తూపాలు కడతారు, ఏడాది పొడుగునా మన కాళ్లకంటుకుని బయటికి పోయిన గుడి ఇసుకను తిరిగి ఇచ్చేయడమట. ఆ తర్వాత ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి, వాళ్ల అరచేతుల మీద మల్లెపూలు, గులాబీ రేకులు వేసిన నీళ్లు మెల్లగా పోసి, తప్పులుంటే మన్నించమని అడుగుతారు, వాళ్లు దీవిస్తారు. దాన్ని రోద్ నామ్ దామ్ హువా అంటారు. థాయిలాండులో ఏప్రిల్ 13 వృద్ధుల దినం కూడా. వాడు అద్దెకుండే ఇంటి కింద ఒక ముసలామె భోజనం హోటల్ నడుపుతుంది, 2020లో ఊరంతా మూసేసినప్పుడు రెండు నెలలు ఆమే వీడికి అన్నం పెట్టింది. ఏటా సోంక్రాన్‌కు ఆమె చేతుల మీద నీళ్లు పోసేవాడట. ఈ ముక్క మాకు ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు.

అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి కుర్చీ తెచ్చి వాకిట్లో వేసుకుని, "మరి నాకెప్పుడు పోస్తవురా?" అంది.

పెరట్లో మల్లెలు కోసి చెంబులో వేశాను. వాడు అమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని పోశాడు. తర్వాత నేను. అమ్మ అరచేతుల్లోంచి నీళ్లు వాకిలి గచ్చు మీద పడి క్షణంలో ఇంకిపోతున్నాయి, అంత ఎండ. నాకు 44 ఏళ్లు, అమ్మకు అన్నం కలిపి పెట్టాను, మందులు తెచ్చిపెట్టాను, ఆస్పత్రిలో కాళ్లు పట్టాను, కానీ ఎదురుగా కూర్చుని "తప్పులుంటే క్షమించు" అని ఎప్పుడూ అనలేదు. అనేటప్పుడు గొంతు పట్టేసింది.

నాలుగో రోజు, ఏప్రిల్ 14, సోమవారం

తమ్ముడికి బుద్ధవనం చూడాలని ఉంది. దేవరకొండ, కొండమల్లేపల్లి మీదుగా నాగార్జునసాగర్ బయల్దేరాం. ప్రతి ఊళ్లో అంబేడ్కర్ విగ్రహానికి పూలదండలు, నీలం జెండాలు, డప్పులు. ఒకచోట దారి ఆపి మాకు కూడా లడ్డూలు పెట్టారు. అంబేడ్కర్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షల మందితో బౌద్ధం తీసుకున్నాడు, ఆయన పుట్టినరోజు నాడు బుద్ధుడి దగ్గరికి పోవడం మేము అనుకుని చేసింది కాదు, కానీ సరిగ్గా కుదిరింది.

బుద్ధవనం 2022 మేలో తెరిచారు, 274 ఎకరాలు. మధ్యలో మహాస్తూపం, చుట్టూ అమరావతి పద్ధతిలో చెక్కిన రాళ్లు. అమ్మ దేన్నీ అడగకుండా ముందు ప్రదక్షిణ చేసింది. బుద్ధుడి పుట్టుక బొమ్మ దగ్గర నిలబడితే ఆ కథ చెప్పాను, పుట్టిన బిడ్డకు ఆకాశం నుంచి రెండు ధారలు స్నానం పోశాయట, ఒకటి చల్లవి, ఒకటి గోరువెచ్చవి. జపాన్‌లో ఏప్రిల్ 8న అదే పండుగ, పూల పందిరి కింద చిన్ని బుద్ధుణ్ని నిలబెట్టి గరిటెతో తియ్యటి మూలిక టీ పోస్తారు. "బాలింత బిడ్డకు నేను పోసినట్టే" అంది అమ్మ. మా ఊళ్లో ఎంతమంది పిల్లలకు తొలి స్నానాలు పోసిందో ఆమెకే లెక్క లేదు.

శ్రీలంక వాళ్లు ఇచ్చిన, అక్కడి అవుకన విగ్రహాన్ని పోలిన 27 అడుగుల బుద్ధుడి ముందు ఎక్కువసేపు కూర్చున్నాం. ఆ రోజు శ్రీలంకలో కొత్త సంవత్సరం. పాత ఏడాది పోయి కొత్తది వచ్చే మధ్య కొన్ని గంటలు పొయ్యి ముట్టించరు, పని చెయ్యరు, ఆ ముహూర్తం దాటాక కొత్త కుండలో పాలు పొంగిస్తారు. నాగార్జునకొండకూ ఆ దేశానికీ చుట్టరికం నిన్నమొన్నటిది కాదు. ఆ కొండ లోయలో ఉండిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో సింహళ విహారం ఉండేదని అక్కడి శాసనమే చెబుతుంది, క్రీ.శ. 3వ శతాబ్దం మాట. ఆ లోయ ఇప్పుడు సాగర్ నీళ్ల కింద ఉంది. 1955లో డ్యాముకు పునాది వేసే నాటికే తవ్వకాలు మొదలయ్యాయి, దొరికినంత పైకి తెచ్చి, ద్వీపంగా మిగిలిన కొండ మీద పెట్టారు. ఆ నీళ్లే నల్గొండ పొలాలకు పారుతున్నాయి. కూలీలు, ఊళ్లు, ఒక నగరమే దాని కోసం పోయాయి. మంచో చెడో తేల్చడం నావల్ల కాదు, గట్టు మీద నిలబడి చూస్తే మాత్రం ఊరికే కళ్లు తిప్పుకోలేకపోయాను.

మరునాడు రాత్రి తమ్ముడి విమానం. అమ్మ సలేశ్వరం నీళ్లలో సగం ఒక చిన్న స్టీలు డబ్బాలో పోసి, మూతకు గుడ్డ బిగించి, వాడి పెద్ద పెట్టెలో బట్టల మధ్య పెట్టింది. "ఆమె చేతుల మీద పొయ్యి. నీకు అన్నం పెట్టింది" అంది.

బ్యాంకాక్ పక్కన ఫ్రా ప్రదేంగ్‌లో సోంక్రాన్ ఒక వారం ఆలస్యంగా చేస్తారు, ఆ ముసలామెది ఆ ఊరే. కాబట్టి పండుగ దాటిపోలేదు. ఆ ఆదివారం వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. ముడతలు పడ్డ రెండు అరచేతులు, కింద వెండి గిన్నె, మల్లెపూలు, పైన మా స్టీలు డబ్బా. అమ్మ ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చేసి చూసి, వాడికి ఫోన్ చేయమంది.

"డబ్బాలో ఏమన్న మిగిలినయారా?"

"కొంచెం ఉన్నయమ్మా."

"తొక్కేటి కాడ పారబోయకు, తులసి చెట్టుకు పొయ్యి. ఆడ తులసి ఉంటదా?"

"ఆమె హోటల్ ముందరే ఉందమ్మా, నాలుగు కుండీలు. కూరల్లో వేస్తది."

అమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "కూరలకు తెంపని కుండీ చూసి పొయ్యమని చెప్పు" అని ఫోన్ నాకిచ్చింది.